ఎస్సై కావాలంటే ఏం చదవాలి?

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత పోలీసు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

 

సభ మొదలయ్యే ముందు నలుగురు పిల్లలు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఎస్సై కావాలంటే ఏ డిగ్రీ చదవాలండీ?" అని. ఒడిశాలో ఎస్సై పరీక్షకు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం ఇచ్చిన ఏ డిగ్రీ అయినా చాలు. ఐ.పి.ఎస్.కు దారితీసే సివిల్ సర్వీసుల పరీక్షకూ అంతే. పోలీసు విద్యనే ప్రత్యేకంగా చదవదలిస్తే గాంధీనగర్‌లో 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం ఉంది. అంత దూరం పంపే స్తోమత లేదని తల్లిదండ్రులు దిగులుపడనక్కరలేదు. మన భంజ విహార్‌లోని బరంపురం విశ్వవిద్యాలయం డిగ్రీతోనూ ఆ పరీక్షలు రాయవచ్చు.

అయితే డిగ్రీ చదివే మూడేళ్లలో మీరు మరో మూడు పనులు చేయాలి.

మొదటిది ఒడియా బాగా నేర్చుకోవడం. ఈ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలని నిబంధన. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషుతో పెరిగిన మన పిల్లలు కొందరు ఇక్కడే ఆగిపోతున్నారు. గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాలో చేరింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒడియా పరాయి భాష అనుకుంటే నష్టం మనకే. అలాగని తెలుగు మరవమని నేను చెప్పను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో సముద్రపు ఒడ్డు నుంచి ఒక నోలియా ముసలమ్మ స్టేషనుకు వచ్చింది. వలలు పోయాయని తెలుగులో చెప్పుకుంది. రాసే ఆయనకు తెలుగు అంతంతమాత్రం. ఫిర్యాదు రాశాక ఇచ్చినవారికి చదివి వినిపించాలని చట్టం. నేను ఆ కాగితాన్ని తెలుగులో వినిపించాను. ఆమె ఉలిక్కిపడి, "అయ్యో బాబూ, వాడు తీశాడని నేనెప్పుడన్నాను? తీసినవాణ్ణి వాడు చూశాడన్నాను" అంది. వినిపించకుండా వేలిముద్ర వేయించి ఉంటే సాక్షి కాస్తా ముద్దాయి అయ్యేవాడు. రెండు భాషలు వచ్చినవాడు స్టేషనులో ఎందుకు ఉండాలో ఆరోజు నాకు తెలిసింది.

రెండవది చట్టం చదవడం. 2024 జూలై 1 నుంచి పాత ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం కూడా మారాయి. పాత గైడ్లు కొని మోసపోకండి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులే నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని కొత్త చట్టం చెబుతోంది. రాష్ట్రాలు దీన్ని ఐదేళ్లలోగా అమలు చేయాలి. కనుక రసాయనశాస్త్రం చదివే అమ్మాయిలు, అబ్బాయిలు ఆ వైపు కూడా ఆలోచించండి. చదువుతోపాటు రోజూ తెల్లవారుజామున పరుగు అలవాటు చేసుకోండి. రాతపరీక్ష గట్టెక్కి దేహదారుఢ్య పరీక్షలో వెనుదిరిగినవారిని ఎందరినో చూశాను.

మూడవది తల్లిదండ్రులకు చెప్పవలసిన మాట. 2025 సెప్టెంబరు నెలాఖరున మన బరంపురం పోలీసులు ఆంధ్ర సరిహద్దు దగ్గర బస్సులను ఆపి, ఎస్సై పరీక్ష రాయవలసిన 114 మంది అభ్యర్థులను అరెస్టు చేశారు. ఒక్కో ఉద్యోగానికి 25 లక్షల రూపాయలకు బేరం కుదిరిందని ఆరోపణ. 933 పోస్టులకు జరగవలసిన ఆ పరీక్ష వాయిదా పడింది. కేసు తర్వాత సి.బి.ఐ.కి వెళ్లింది. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. కాని రాత్రింబవళ్లు నిజాయితీగా చదివిన పిల్లలు కూడా ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చింది కదా! "ఫలానా ఆయనకు పైన తెలుసట, పొలం అమ్మి కడదాం" అని మీ ఇంట్లో మాట వస్తే దయచేసి ఆ సంవత్సరాన్ని గుర్తు తెచ్చుకోండి. పొలం అమ్మి ఉద్యోగం కొన్నవాడు ఆ సొమ్మును మళ్లీ ఎవరి దగ్గర రాబడతాడు? ఆ ముసలమ్మ లాంటివాళ్ల దగ్గరే.

ఈరోజు మీ చేతికి వచ్చే మొత్తం చిన్నదే. దానితో ముందు ఒక ఒడియా వ్యాకరణం, కొత్త చట్టాల పుస్తకం కొనుక్కోండి. సందేహాలుంటే ఆదివారాలు మా ఇంటికి రండి, కూర్చుని చదువుకుందాం. సెలవు.