రుషికొండ గాలి, సున్నిపిండి

మాలతీ చందూర్ గారు గుర్తున్నారా? ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' నడిపారు. వంట, అందం, ఇంటి సంగతులు, ఏది అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పేవారు.

ఇప్పుడు అలాంటి సలహాలు, సున్నిపిండితో సహా, ఫోన్లో సినీ తారలు చెబుతున్నారు. చేసి చూడండి, తప్పులేదు. కానీ మన రుషికొండది సముద్రపు గాలి. చెమ్మ ఎక్కువ. పెసలు ఎంత ఎండబెట్టి ఆడించినా, డబ్బా మూత వదులైతే సున్నిపిండి ఉండ కడుతుంది. అందుకే కొంచెమే ఆడించండి. తడి చెయ్యి పెట్టకండి.

ముఖానికి రాసే పిండిలో నిమ్మరసం కలపమంటారు. వద్దండీ, ఎండలోకి వెళితే చర్మం మండుతుంది. పెరుగు చాలు. అదైనా ముందు మోచేతి లోపల రాసి, ఒక రోజు ఆగండి. చెప్పిన తార ఎవరైనా సరే, ముందు మోచేతికే! దురద పుడితే కడిగేయండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.