రోబో గోడని ఎందుకు గుద్దుతుంది? ఐఆర్ డిస్టెన్స్ సెన్సర్ అసలు కథ

కాల్‌లో ఫోన్ చెవి దగ్గర పెట్టగానే స్క్రీన్ ఆఫ్ అయిపోతుంది కదా? చాలా ఫోన్లలో ఆ పని చేసేది చిన్న ఐఆర్ సెన్సర్. కంటికి కనిపించని కాంతిని వదిలి, తిరిగి ఎంత వచ్చిందో చూస్తుంది. ఎక్కువ వస్తే దగ్గర్లో ఏదో ఉన్నట్టు. అంతే.

మినీ ప్రాజెక్టులకి మనవాళ్లు కొనే చౌక ఐఆర్ మాడ్యూల్ కూడా ఇదే టైపు. తెల్ల గోడ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, నల్ల బ్యాగ్ మింగేస్తుంది. రెండూ ఒకే దూరంలో ఉన్నా దానికి వేరువేరుగా కనిపిస్తాయి. దూరం కొలుస్తుందని ఎవరైనా దాన్ని అమ్మితే నమ్మకండి.

నిజంగా కొలవాలంటే షార్ప్ కంపెనీ జీపీ2వై0ఏ21 లాంటిది కావాలి. దానికి రెండు కళ్లలా రెండు లెన్సులు ఉంటాయి. ఒకదాని వెనక ఐఆర్ ఎల్ఈడీ, ఇంకోదాని వెనక పట్టీలాంటి డిటెక్టర్, పేరు పీఎస్‌డీ.

ఒకసారి బొటనవేలు ముక్కు ముందు పెట్టి చూడండి. కళ్లు లోపలికి తిరుగుతాయి. చెయ్యి చాపితే మళ్లీ సర్దుకుంటాయి. ఇక్కడా అదే లెక్క. వస్తువు దగ్గరుంటే కాంతి బాగా వాలుగా తిరిగొచ్చి పట్టీ మీద ఒకచోట పడుతుంది, దూరంగా ఉంటే ఇంకోచోట. పట్టీ రెండు చివర్ల నుంచి వచ్చే కరెంట్ల నిష్పత్తిని బట్టి చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. కాంతి తగ్గితే రెండు కరెంట్లూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు. అందుకే నల్ల బ్యాగ్ దీన్ని అంత ఈజీగా మోసం చేయలేదు. నాకైతే ఈ ఐడియా భలే నచ్చుతుంది.

దీని రేంజ్ 10 నుంచి 80 సెంటీమీటర్లు. 80 దగ్గర సుమారు 0.4 వోల్టులు, 10 దగ్గర సుమారు 2.3 ఇస్తుంది. అసలు గొడవ 10 లోపలే. బాగా దగ్గరికి వెళ్తే చుక్క పట్టీ అంచు దాటిపోతుంది, వోల్టేజ్ మళ్లీ పడిపోతుంది. గోడ 3 సెంటీమీటర్లలో ఉన్నా, కోడ్ మాత్రం "ఇంకా బోలెడు దూరం ఉంది" అనుకుని బండిని ముందుకే పోనిస్తుంది. ఢాం! అదీ డెమో రోజు, ఎగ్జామినర్ ముందు. రాత్రంతా కోడ్‌లో వెతికినా బగ్ దొరకదు, ఎందుకంటే అది అక్కడ లేదు.

సెన్సర్‌ని రోబో ముందు అంచుకి కాకుండా 10 సెంటీమీటర్లు వెనక్కి బిగించండి, దాని ముందు దారి ఖాళీగా ఉంచండి. ఇక గోడ ఆ 10 లోపలికి రాలేదు.

కాంతి వెళ్లి వచ్చే టైమ్‌ని కొలిచే వీఎల్53ఎల్0ఎక్స్ లాంటివి కూడా ఉన్నాయి. కాంతి ఒక్క నానోసెకండ్‌లో 30 సెంటీమీటర్లు పోతుంది, దాన్ని చిప్ ఎలా పట్టుకుంటుందో ఇంకో వీడియోలో చూద్దాం. ఈలోపు మీ సెన్సర్ ఎల్ఈడీ వెలుగుతోందా అని డౌట్ ఉంటే సెల్ఫీ కెమెరా ముందు పెట్టండి. చాలా ఫోన్లలో లేత ఊదా రంగు వెలుగు కనిపిస్తుంది. బై!