పుస్తకం మనమే ఎంచుకుందాం



బజారుకి వెళ్తే వంకాయ పుచ్చిందో లేతదో తిప్పి చూసుకుంటాం. చీరయితే పది మడతలు విప్పించి గాని కొనం. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరేది తెచ్చి ఇస్తే అదే చదువుతాం. అబ్బాయి లైబ్రరీ నుంచి తెచ్చింది, పక్కింటావిడ చదివేసి ఇచ్చింది, పత్రికలో సీరియల్‌గా వచ్చింది. చదవటం మంచిదే. అయితే ఏది చదవాలో ఎంచుకోవటం కూడా మన పనేనని ఈ పూట మీతో మనవి చేస్తున్నాను.

నాకు అక్షరాలు కూడబలుక్కోవటం వచ్చిన నాటినుంచీ పుస్తకం లేని రోజు లేదు. 1960లలో, 70లలో యద్దనపూడి సులోచనారాణి గారి నవలల కోసం అద్దె పుస్తకాల షాపు దగ్గర వంతు వేసుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ నవలలు చదివి ఆడవాళ్లు చెడిపోతున్నారని అప్పట్లో కొందరనేవారు. ఆ మాట నేనొప్పుకోను. పొయ్యి దగ్గరనుంచి మనల్ని పుస్తకం దగ్గరికి తీసుకొచ్చింది ఆ నవలలే. అయితే అక్కడే ఆగిపోవటం ఎందుకు? రోజూ ఒకటే కూర వండితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

ఇది కాలక్షేపానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసినా, ఆస్తి పంపకాల మాట వచ్చినా, అమ్మాయిని ఏ చదువులో చేర్పించాలన్నా, "నీకేం తెలుసు, ఊరుకో" అనే మాట మనలో చాలామంది విన్నదే. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 2005లో దాన్ని దేశమంతటికీ సవరించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి సవరణ 1980లలోనే వచ్చింది. ఇలాంటివి ప్రేమకథలో దొరకవు. మామూలు మనుషుల కోసం రాసిన చిన్న చట్టం పుస్తకంలో దొరుకుతాయి. అది చదివిన ఆడమనిషిని "ఊరుకో" అనటం అంత సులువు కాదు.

వంటకీ చదువుకీ చుక్కెదురనే వాళ్లకి మాలతీ చందూర్ గారిని చూపిస్తాను. ఆవిడ వంటల పుస్తకం ఎన్ని ఇళ్లల్లో ఉందో మీకు తెలుసు. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక ఏళ్ల తరబడి నడిపారు. ఆ చేత్తోనే 'పాత కెరటాలు' పేరిట ఇంగ్లీషు నవలలెన్నిటినో తెలుగు పాఠకులకి పరిచయం చేశారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ఒక్క మనిషి ఇన్ని రకాలు రాయగలిగినప్పుడు, మనం ఇన్ని రకాలు చదవలేమా?

మా దొడ్డమ్మ సంగతి చెబుతాను. చిన్నతనంలోనే భర్త పోయాడు. పుట్టిల్లూ మెట్టినిల్లూ తప్ప మూడో ఊరు ఎరగదు. ఆవిడకి చదువు వచ్చునని అందరికీ తెలుసు గనక భాగవతమో, వ్రతకథలో తెచ్చి ఇచ్చేవారు. ఈ వయసులో ఇంకేం కావాలి అని వాళ్ల ఉద్దేశం. ఆవిడకేం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఒకసారి నేను అడిగితే, "ఊళ్ల సంగతులుండే పుస్తకం ఏదైనా ఉందిటే?" అంది. ఏనుగుల వీరాస్వామి గారి 'కాశీయాత్ర చరిత్ర' తెచ్చి ఇచ్చాను. ఆయన 1830 మేలో చెన్నపట్నం నుంచి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. రైళ్లు లేని రోజులు. మజిలీ మజిలీకీ ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో, ఏ నది ఎలా దాటారో రాసుకున్నారు. పాతకాలపు భాష, వాక్యాలు పొడుగు. దొడ్డమ్మ రెండు నెలలు పట్టి చదివింది. "భాగవతం పోయేచోటు చెబుతుందే, ఇది ఉన్నచోటు చెప్పింది" అంది. ఆ తర్వాత కూడా భాగవతం మానలేదు. పక్కన రెండో పుస్తకం చేరింది, అంతే.

మరి ఎలా ఎంచుకోవాలి అంటారా? లైబ్రరీకి మీరే వెళ్లండి. చాలా లైబ్రరీల్లో పుస్తకం అట్ట మీద ఒక అంకె ఉంటుంది. డ్యూయీ పద్ధతిలో అయితే 641 వంటలు, 500 నుంచి సైన్సు, 800 నుంచి సాహిత్యం, 910 ప్రయాణాలు, 920 జీవిత చరిత్రలు. రెండుసార్లు మీకు అలవాటైన బీరువా దగ్గరికి వెళ్తే, మూడోసారి ఎప్పుడూ తెరవని బీరువా దగ్గరికి వెళ్లండి. అట్ట మీది బొమ్మ చూసి మోసపోకండి. ముందుమాట, విషయసూచిక, మధ్యలో ఓ రెండు పేజీలు నిలబడే చదవండి. మనకి అర్థమయ్యేట్టు రాశాడా లేదా తేలిపోతుంది.

తెచ్చాం గనక పూర్తి చెయ్యాలన్న పట్టుదల వద్దు. యాభై పేజీలు చదివినా మనసు పట్టకపోతే తిరిగి ఇచ్చెయ్యండి. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో, ప్రతి పుస్తకానికీ దాని పాఠకులుంటారన్నది ఒకటి. ఆ పుస్తకం ఇంకెవరికోసమో ఎదురుచూస్తోందనుకోండి.

కొనే స్తోమత లేకపోతే నాలుగిళ్లవాళ్లు కలిసి నాలుగు రకాలు కొనుక్కుని మార్చుకోండి. ఇప్పుడు ఫోనులో కూడా పుస్తకాలు దొరుకుతున్నాయి. ఎక్కడ చదివినా సరే, చదివిందాన్ని గురించి ఓ నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత ఆ పేజీలు తిరగేస్తే ఎక్కువగా ఎటు వెళ్తున్నామో, ఎటు అసలు వెళ్లలేదో మనకే తెలుస్తుంది.

తీరిక ఎక్కడిదండీ అంటారు. నిజమే. మనకున్నది మధ్యాహ్నం ఓ అరగంట. అంత కొద్ది సొమ్ము చేతిలో ఉన్నప్పుడే గదా దేనికి ఖర్చు పెట్టాలో మనం స్వయంగా నిర్ణయించుకోవాల్సింది! ఈసారి లైబ్రరీకి ఎవరైనా బయల్దేరుతుంటే, "ఏదో ఒకటి తీసుకురా" అనకండి. "ఉండు, నేనూ వస్తున్నాను" అనండి.



(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)