నెల తప్పిందని ఇంటి నుంచి ఫోన్ వచ్చింది: మొదటి చెకప్ గురించి

నేను షార్జాలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చదివినోణ్ని, డాక్టర్‌ని కాదు. మా ఇద్దరు పిల్లలప్పుడూ నేను ఇక్కడే ఉన్నా, చెకప్‌లన్నీ ఫోన్‌లోనే విన్నా. అందుకే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడమంటే సరే అన్నా.

ముందు వారాల లెక్క చెప్తా, ఎందుకంటే దీని మీదే కాపురాల్లో చిచ్చు పడుతుంది. మా సైట్‌లో ఒక తమ్ముడు, స్టీల్ ఫిక్సర్, జనవరి 11న సెలవు మీద ఇంటికి చేరిండు. నెల రోజులుండి తిరిగొచ్చిండు. ఫిబ్రవరి 19న భార్యకు స్కాన్ తీస్తే రిపోర్టులో ఏడు వారాలని ఉంది. వాట్సాప్‌లో అది చూసి వేళ్ల మీద లెక్క పెట్టుకున్నడు. తను ఇల్లు చేరి ఐదున్నర వారాలే అయింది. రెండు రోజులు సరిగ్గా తినలేదు, ఇంటి ఫోన్ ఎత్తలేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పిండు.

డాక్టర్లు ఆలుమగలు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టరు. చివరి నెలసరి మొదలైన తేదీ నుంచి పెడతారు. గర్భం నిలిచేది దానికి సుమారు రెండు వారాల తర్వాత. ఆ అమ్మాయికి నెలసరి వచ్చింది జనవరి 1న. అక్కడి నుంచి ఫిబ్రవరి 19కి 49 రోజులు, అంటే ఏడు వారాలు. మన పనిలో చెప్పాలంటే, ప్రాజెక్టు రోజులు కాగితం మీది స్టార్ట్ డేట్ నుంచి నడుస్తాయి, మొదటి కాంక్రీట్ పోసిన రోజు నుంచి కాదు. క్యాలెండర్ ముందు పెట్టి చూపిస్తే వాడు లేచి బయటికి పోయి ఇంటికి ఫోన్ చేసిండు. ఏం మాట్లాడిండో నేను అడగలే.

ఇక చెకప్ సంగతి. నెల తప్పగానే ఊళ్లో ఆశ వర్కర్‌కు గానీ ఏఎన్ఎంకు గానీ చెప్పి పేరు రాయించాలి, మూడు నెలలు దాటనివ్వొద్దు. డాక్టర్ మొదట అడిగేది ఆ నెలసరి తేదీనే. బరువు, బీపీ చూస్తారు. రక్తం తీసి హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, షుగర్, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేస్తారు. హెచ్ఐవీ పేరు చూసి "నీకెందుకు రాశారు?" అని అడిగేటోళ్లున్నారు. అది గర్భిణులందరికీ చేసేదే. ఫోలిక్ యాసిడ్ గోళీలు ఇస్తారు.

మొదట్లో స్కాన్ లోపలి నుంచి తీయొచ్చు. ఇంట్లో ఎవరూ ముందు చెప్పకపోతే పిల్ల భయపడుతుంది. మరీ తొందరగా పోతే గుండె చప్పుడు కనబడకపోవచ్చు, వారం పది రోజులాగి రమ్మంటారు. ఆ మాట విని అప్పుడే ఏడుపులు పెట్టుకోవద్దు. కానీ రక్తం కనబడినా, కడుపులో గట్టిగా నొప్పి వచ్చినా ఆ తేదీ దాకా ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలె.

మన వంతు కూడా ఉంది. మన బ్లడ్ గ్రూప్ ఆమెకు చెప్పాలి. ఆమెది నెగెటివ్, మనది పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడుతుంది. మన వైపు ఎవరికైనా తలసీమియా, సికిల్ సెల్ ఉన్నా, మేనరికం చేసుకున్నా దాచొద్దు. అక్కడ పది గంటలకు డాక్టర్ పిలిస్తే ఇక్కడ ఎనిమిదిన్నర, మనం సైట్ మీద ఉంటాం. అందుకే ఇవన్నీ ముందు రోజు రాత్రే మెసేజ్ పెట్టండి. ఆడా మగా అని మాత్రం అడగొద్దు, అడిగించొద్దు. 1994 చట్టం ప్రకారం నేరం.

కాన్పు తేదీ కూడా అదే నెలసరి నుంచి 280 రోజులు. మా తమ్ముడికి అక్టోబర్ 8 వచ్చింది. ఆ తేదీకే పుడతారని లేదు, రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది. వాడు సెప్టెంబర్ ఆఖరి నుంచి సెలవు కావాలని ఇప్పుడే కాగితం ఇచ్చిండు. సంతకం పెట్టి ఆఫీసుకు పంపించిన.