పోరుమామిళ్ల రాతి మీద ఇంజినీరింగు పాఠం



ఇంజినీరును కదా, కట్టల గురించే మాట్లాడతానని మీరు అనుకునే ఉంటారు. నిజమే. కాకపోతే నేను కట్టించినవాటి గురించి కాదు, మన పోరుమామిళ్ల చెరువు కట్ట గురించి.

విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. భవదూరుడని ఇంకో పేరు. ఉదయగిరి నుంచి ఈ ప్రాంతాన్ని ఏలుతూ 1369లో ఈ చెరువు కట్టించి, అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. ఆ వివరాలు సంస్కృత శ్లోకాల్లో చెక్కించిన రాళ్లు భైరవాలయం ముందు నిలబెట్టారు. నీటి దానానికి వచ్చే పుణ్యం గురించి అందులోనూ ఉంది. కానీ అక్కడితో ఆగలేదు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాశారు.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది ఆ శాసనం. ధర్మబుద్ధీ ధనమూ ఉన్న రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని, పనితనమున్న మనుషులు, ఇలా సాగుతుంది. కొండల నడుమ రాతికట్ట గట్టిగా ఉండాలి, మరీ పొడవు ఉండకూడదన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇరుకు చోటు చూసి కడితే రాయీ మట్టీ కలిసొస్తాయి. స్థలం ఎంపికకు వెళ్తే మేం ఇప్పటికీ వెతికేది అదే.

దోషాలు ఆరు చెప్పారు. కట్టలో ఊట, చవుడు నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక, నీళ్లు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. ఆరోది, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఊట పక్కనే సరిహద్దును చేర్చినవాడికి నీళ్ల తగాదాలు బాగా తెలిసే ఉండాలి. మన పక్క నుంచి పోయే తెలుగుగంగనే చూడండి. మద్రాసుకు తాగునీళ్లివ్వాలంటే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు వదులుకోవడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇక నీళ్లు చూడకుండా కాగితం మీద ఆయకట్టు పెంచమనే ఒత్తిడి నా సర్వీసులోనూ ఎదురైంది. ఏ ప్రాజెక్టని అడక్కండి.

ఈ శాసనం గురించి నేను తెలుసుకున్నది ఊరికి చాలా దూరంలో, ఒక లైబ్రరీలో. నైలు నది గురించి మాత్రం ఇక్కడే చదువుకున్నాను. అది గురువుల తప్పు కాదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే వాళ్లు చెప్పారు.

స్వర్ణోత్సవ నిధితో బడికి ముఖద్వారం కట్టాలంటున్నారు. కట్టండి. దాంతోపాటు ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ఆ చెరువు దగ్గరికి తీసుకెళదాం. కట్ట వాళ్లే కొలవాలి. తూము, మరవ చూడాలి. నీళ్లు తెచ్చే వంకల్లో కంప ఎక్కడ పెరిగిందో, పూడిక ఎక్కడ పడిందో పటం గీయాలి. శాసనం అర్థం తెలుగులో రాయించి బడి వరండాలో పెట్టుకుందాం. బస్సు ఖర్చు మా బ్యాచ్‌ది. శ్లోకాలకు పిల్లలకు అర్థమయ్యే తెలుగు చెప్పగల మాస్టారు మీలో ఎవరైనా ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి.