అటక మీది క్యాసెట్టు, వాకిట్లో కుండ

అమ్మ పాడిన మంగళహారతి మసకబారిందని క్యాసెట్టు పారేయకండి. చాలాసార్లు జబ్బు టేప్‌రికార్డరుదే. దూదికి స్పిరిటు అద్ది హెడ్డు తుడవండి. 1963లో ఫిలిప్స్‌వారు తెచ్చిన ఈ క్యాసెట్టులో టేపు సెకనుకు అయిదు సెంటీమీటర్లైనా నడవదు. అందుకే హెడ్డు వెంట్రుకవాసి ఒరిగినా సన్నని నాదాలు పోతాయి. బ్యాటరీల మీద పాట నడుపుతూ, హెడ్డు పక్క మరను రవ్వంత అటూ ఇటూ తిప్పండి. గొంతు విచ్చుకున్నచోట ఆపెయ్యండి.

ఇక స్పీకరును ఊడదీసి మట్టికుండ మూతికి, ముఖం బయటికుండేలా, సందు లేకుండా బిగించండి. నవ్వకండి! విడి స్పీకరు వెనక నాదం ముందున్న మంద్రాన్ని మింగేస్తుంది. కుండ దాన్ని లోపలే ఆపుతుంది. మైలవరంలో మేం వాడింది నీళ్లకుండే. మృదంగం ఎంత నిండుగా పలికిందనీ!

అలా పలికిన రోజే పాటను సెల్‌ఫోనులోకి ఎక్కించుకోండి. టేపు ఎల్లకాలం ఉండదు. అన్నట్టు, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడండి, బీట ఉంటే బర్రుమంటుంది.