బాట వచ్చుచున్నదను కబురు

జహీరాబాదు నుండి మొగుడంపల్లికి పోవు దారిలో ఏ ఊరి పొలిమేర దాటినను మనలను మొదట పలుకరించునది సిమెంటు. ఇంటి గోడమీద సిమెంటు, దుకాణపు తలుపుమీద ఇనుపకడ్డీ, చేనిలోని పంపుగదిమీద నీటిగొట్టము. మూరెడేసి అక్షరములు, కన్నుచెదరు రంగులు. చదువు రానివారు కూడ గుర్తు చూచి సరుకు పేరు చెప్పగలరు. ఆ ఊరిలోనే పంచాయతీ కచేరి గోడకు బంకతో అతికించిన కాగితమొకటి అప్పుడప్పుడు కనబడును. ఆవగింజలంత అక్షరములు. ఫలానా సర్వే నంబరులలో ఇన్ని గుంటల భూమి బాట కొరకు కావలసి వచ్చినదని అందులో వ్రాసియుండును. ఒక్క వాన కురిసెనా, ఆ కాగితము లేదు. గోడమీది సిమెంటు మాత్రము ఏండ్ల తరబడి చెక్కుచెదరదు.

ఇండ్లు, వంతెనలు, రహదారులు కట్టువారికిని, బండ్లు నడుపువారికిని ప్రచారము చేసిపెట్టుట నేడు ఒక వృత్తియైనది. దానికై ప్రత్యేక సంస్థలు వెలసినవి. వారి పనిలో రెండు పాయలున్నవి. సరుకును అమ్మించుట ఒకటి. జరుగబోవు పనిని గూర్చి జనులకు తెలిపి, వారి మాట విని, ఆ మాటను ఇంజనీరుకు చేర్చుట మరియొకటి. మొదటి పాయ నిండుగా పారుచున్నది. రెండవదానిలో నీరు కనబడుట లేదు.

మొదటిదానిని మేము తక్కువ చేయుట లేదు. ఇల్లు కట్టుకొనువాడు సిమెంటును తాను ఎన్నుకొనడు, మేస్త్రీ చెప్పినది కొనును. ఈ సంగతి గ్రహించిన కంపెనీలు మేస్త్రీలను ఒకచోటికి పిలిచి, భోజనము పెట్టి, మాలులో నీరు ఎంత పోయవలెనో, కట్టిన గోడను ఎన్ని దినములు తడుపవలెనో చేసి చూపింతురు. మేస్త్రీ ఎదురు ప్రశ్న వేసినచో నిలిచి జవాబు చెప్పుదురు. పోవునపుడు చేతికొక సంచి. ఇందులో లాభాపేక్ష లేదని ఎవ్వరును అనరు. అయినను ఎవనికి చెప్పవలెనో వెదకి పట్టుకొని, వానికి అర్థమగు మాటలో చెప్పు నేర్పు అక్కడ ఉన్నది. బస్తా సిమెంటు అమ్ముటకు ఇంత శ్రద్ధ చూపువారు, ఒకని చేనిలోనుండి బాట పోవునని చెప్పుటకు ఆవగింజ అక్షరములతో సరిపెట్టుకొనుట ఏమి న్యాయము?

మొగుడంపల్లి 2016 అక్టోబరులో జిల్లాలను పునర్విభజించినపుడు మండలమైనది. అంతకు మునుపు అది జహీరాబాదు మండలములోని ఊరు. పడమట కర్ణాటక. ఇంటిలో తెలుగు, సంతలో ఉర్దూ, సరిహద్దు చుట్టరికములలో కన్నడము, తండాలలో లంబాడీ. జహీరాబాదు బస్సు స్టాండులో నిలిచినచో బస్సుల నొసట తెలుగు పలక, కన్నడపు పలక ప్రక్కప్రక్కనే కనబడును. ఎక్కువాడు ఏ అక్షరము చదువునో బస్సు నడుపువారికి తెలియును. హైదరాబాదు నుండి పూనాకు పోవు పెద్దబాట, ఒకప్పటి 9వ నంబరు, నేటి 65వ నంబరు జాతీయ రహదారి, ఈ సీమ మీదుగనే పోవుచున్నది. బాట రాకను ఇచ్చటివారు ఒక్కనాడును కాదనలేదు. చెరుకు బండ్లకు, అల్లము, ఆలుగడ్డ బస్తాలకు బాటయే ప్రాణము. వారడుగునది వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి గట్టు మీదుగా అని అడుగుచున్నారు.

ఈ ప్రశ్నకు చట్టములో జవాబున్నది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము ప్రకారము భూమి తీసికొనదలచినపుడు కేంద్రప్రభుత్వము రాజపత్రములో ప్రకటింపవలెను. దాని సారాంశమును రెండు స్థానిక పత్రికలలో వేయింపవలెను, అందొకటి దేశభాషా పత్రిక కావలెను. ఆ భూమిలో హక్కు గలవారు 21 దినములలో అభ్యంతరము చెప్పుకొనవచ్చును. శ్రోతలు ఇక్కడ ఒక్క విషయము గమనింపవలెను. చట్టపు మాటను బట్టి ఆ 21 దినములు లెక్కకు వచ్చునది రాజపత్రములో ప్రకటన పడిన దినము నుండి. పత్రిక మన ఊరికి చేరిన దినము నుండి కాదు. అభ్యంతరముల ఘట్టము ముగిసి తుది ప్రకటన వెలువడెనా, ఆ భూమి కేంద్రప్రభుత్వపు పరమగును. తరువాత మాటలాడదగినది పరిహారమును గూర్చియే.

పరిశ్రమలకును, పెద్ద నిర్మాణములకును పర్యావరణపు అనుమతి కావలసినచోట 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ఇంకొక అడుగు ముందుకు వేసినది. బహిరంగ విచారణ ఆ స్థలముననే, లేదా దాని దాపుననే జరుగవలెను. కనీసము 30 దినముల ముందు పత్రికలలో తెలుపవలెను. పత్రికలు చేరని చోట్ల దండోరా వేయించియు, రేడియోలోను టెలివిజనులోను చెప్పించియు జనులకు ఎరుకపరుపవలెను. సభ ముగియునపుడు అక్కడ జరిగినదాని సారాంశమును స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. చట్టము వ్రాసినవారికి డప్పు విలువ తెలిసినందుకు మాకు సంతోషము. అయితే ఆ ప్రకటనలోనే, విచారణకు ఇంతమంది వచ్చి తీరవలెనను నియమము లేదని కూడ ఉన్నది. కబురు అందక పదిమందియే వచ్చినను సభ సభయే.

మొగుడంపల్లికి పొరుగున ఝరాసంగము, న్యాలకల్ మండలములలో సుమారు 12,600 ఎకరములలో తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి సంగతి మన శ్రోతలకు తెలిసినదే. దానికై 2022 జూలైలో విచారణ జరిగినపుడు రైతులు కొందరు గట్టిగా ఎదిరించినారు. ఎవరిది ఒప్పో తేల్చుట ఈ ప్రసంగము పని కాదు. ఎదిరింపు మన రైతుకే పుట్టిన గుణమని తలపోయువారికి మాత్రము ఒక పాత సంగతి. అమెరికాలో 1956 చట్టముతో 41,000 మైళ్ల రహదారులు తలపెట్టినపుడు, సభలు జరిపితిమనియో, జరుపుటకు అవకాశమిచ్చితిమనియో అధికారులు ధ్రువపత్రము వ్రాసి ఇచ్చిన చాలును. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పాలకమండలి, జనుల ఒత్తిడికి తలయొగ్గి, పది బాటలలో ఏడింటిని త్రోసివేసినది.

జహీరాబాదు సీమకు ఇంకొక విశేషమున్నది. 2008 అక్టోబరు 15న ఝరాసంగము మండలములోని మాచునూరులో దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి సంఘం రేడియో మొదలైనది. పల్లెలలోని పేద దళిత స్త్రీలు నడుపునది అది. చేనిపని, వంటపని ముగిసిన తరువాత, రాత్రివేళ, తమ యాసలోనే మాటలాడుదురు. విశ్వవిద్యాలయములో చదివి ఉచ్చారణ దిద్దుకొని వచ్చిన మావంటివారు వారినుండి నేర్చుకొనవలసినది చాల ఉన్నది. అట్లనుటకు కారణము మా తప్పే.

కొన్నేండ్ల క్రిందట ఒక రహదారి పనికి కావలసిన భూముల ప్రకటనను మేము చదివితిమి. మధ్యాహ్నపు వేళ. మూడు పుటల నిండ సర్వే నంబరులు. ఒక్క అంకెయైనను తడబడలేదని మాలో మేము మెచ్చుకొంటిమి. రాజపత్రపు తేదీ నుండి పదునాలుగవ దినమున వేరొక పనిమీద ఆ వైపునకు పోయినపుడు, వేపచెట్టు క్రింద కూర్చున్న ఒక పెద్దాయన మమ్ములను గుర్తుపట్టినాడు, ముఖము చూచి కాదు, గొంతు విని.

"నంబర్లు మంచిగనే చదివిండ్రు సారూ. మా మనుమడు ఫోనుల వినిపిచ్చిండు. నాకు నా చేను పేరెరుక గని నంబరెరుక లేదు. తుమ్మలచెల్క అంటరు దాన్ని. తుమ్మలచెల్క పోతదా, ఉంటదా? అది జెప్పరైతిరి."

మాయొద్ద జవాబు లేకపోయినది. పట్టాపుస్తకము తెమ్మంటిమి, అది పట్నములోని కొడుకు దగ్గర ఉన్నదట. అప్పుడు ఊరి కావలికారును పిలిపించి, బడిలో నుండి బల్ల తెప్పించి, గ్రామ నక్షాను దానిమీద పరచినాము. ఆయన ఒక్కొక్క గీతకు ఒక్కొక్క పేరు చెప్పినాడు. వాగొడ్డు మడి, దర్గా చేను, గుండ్లచెల్క. పంతులుగారు ఆ పేర్లను నంబరుల ప్రక్కన పెన్సిలుతో వ్రాసినారు. వినుచుండగనే బల్ల చుట్టు ముప్పదిమంది చేరినారు. ఆడవారు గట్టు తెలిసినంత బాగుగ మగవారు తెలిసికొనలేదని అక్కడనే చూచినాము.

తుమ్మలచెల్క రెండు నంబరులుగా ఉన్నది. ఒకటి జాబితాలో లేదు. ఒకటి ఉన్నది. పెద్దాయన ఉన్నదానిమీద వ్రేలు పెట్టి, "బాయి ఇండ్లనే ఉన్నది" అన్నాడు. బాట ఆ మూల నాలుగు బారలు గట్టువైపు జరిగినచో బావి దక్కునని నక్షా చూచిన మాకే తోచినది. పంతులుగారు దీపము పెట్టువేళకు అర్జీ వ్రాసి ముగించి, పెద్దాయనచేత వ్రేలిముద్ర వేయించినారు. గడువుకు ఇంక ఏడు దినములున్నవి.